ఖాళీ రేకు బరువు

సోమవారం మీటింగులో తెర మీద రెండు నిలువు గీతలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి తెర పైఅంచును తాకుతోంది. రెండోది దాని మోకాలి దాకా కూడా లేదు. పెద్దది సీనియర్‌ది, చిన్నది ఆమెది. పొడి ఒకటే, దాన్ని తీసిన సీసా ఒకటే, రేకు మీద పూసిన బ్లేడు కూడా ఒకటే. తేడా చేతుల్లోనే ఉందని ల్యాబులో అందరూ ఎప్పుడో తీర్మానించేశారు. అతనికి వచ్చే అంకెలో నాలుగో వంతే ఈమెకు వస్తుంది కాబట్టి ఈమెకు పావలా అని పేరు పెట్టారు. "అదుగో, మన పావలా," అని వెనక కుర్చీలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఉక్రోషమంటారు.

ఆ ల్యాబులో పని సోడియం బ్యాటరీల మీద. ఫోన్లలో వాడే లిథియం ఎక్కడో కొన్ని చోట్లే దొరుకుతుంది, సోడియమైతే ఉప్పులోనే ఉంది. అయితే సోడియం అయాన్ కాస్త లావు మనిషి. లిథియం దూరే సందుల్లో అది దూరదు, కాబట్టి దానికి విశాలమైన చోటు చూపించాలి. ఒక బూడిదరంగు పొడిని ఆసిడ్‌లో నానబెట్టి, అందులో పొర విడిచి పొరగా ఉన్న అల్యూమినియాన్ని కరిగించేస్తే, మిగిలింది కొన్ని అణువుల మందం మాత్రమే ఉండే నల్లటి పొరలుగా విడిపోతుంది. ఆ పొరల మధ్యకి సోడియం వచ్చి కూర్చోవాలి, అడిగినప్పుడు లేచి వెళ్ళాలి. ఒక గ్రాము పొడిలో ఎంత సోడియం కూర్చోగలదన్నదే వీళ్ళకి కావలసిన అంకె. సీనియర్ అంకె పెద్ద పత్రికలో అచ్చయింది. అదే పనిని మళ్ళీ చేసి, దాని మీద మరో మెట్టు కట్టడానికి ఈమెను తీసుకున్నారు. ఏడాదైనా ఆమె కింది మెట్టు దగ్గరే ఉంది.

మీటింగు అయ్యాక ప్రొఫెసర్‌గారు ఆమెను ఆగమన్నారు. ఆయన కఠినాత్ముడేమీ కాదు. ఎవరినైనా వదిలించుకోవాల్సి వచ్చినప్పుడు ఆయన గొంతు మరీ మెత్తబడుతుంది, అంతే. శుక్రవారం కమిటీ వస్తోందని, ఆమె సీటు పొడిగించాలా వద్దా అన్నది అప్పుడే తేలుస్తారని చెప్పారు. "చెయ్యి అందరికీ కుదరదమ్మా. అది తప్పేం కాదు. చదువు చెప్పే పని ఏదైనా చూసుకోవచ్చు," అన్నారు. ఆమె తలూపింది. తలూపడం తప్ప ఆ గదిలో ఆమెకు మరో పని ఎవరూ నేర్పలేదు.

తానుండే అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ నడవలో మిషను తొక్కుతున్నాడు. ఇంట్లో ఉన్నది రెండు గదులు. మరదలు చదువుకుంటుందని లోపలి గదిలోని కుట్టుమిషను ఆయనే నడవలోకి ఈడ్చుకొచ్చి పెట్టుకున్నాడు. పై వాటాల వాళ్ళు ఎక్కినా దిగినా మోకాళ్ళు ముడుచుకుని దారివ్వాలి. గోడవైపు తిరిగి కుడతాడు కాబట్టి పగలు కూడా లైటు కావాలి. ఈ ఇబ్బంది గురించి ఆయన ఒక్కసారి కూడా నోరెత్తలేదు, అదే ఆమెకు పెద్ద భారం. అక్క జాకెట్లకు హుక్కులు కుడుతూ, ల్యాబులో ఏమైందే ఇవాళ అని అడిగింది. మామూలేనని చెప్పింది చెల్లెలు. సీటు పోతే తాను కూర్చోబోయేది అక్క పక్కన ఆ చాప మీదేనని, తన చేతికి వచ్చేది ఆ సూదేనని ఆమెకు తెలుసు. అక్కకు తెలియదు. చెల్లెలి గురించి ఆవిడ వీధంతా చెప్పుకుని ఉంది.

మరునాడు పొద్దున ఆమె సిగ్గు విడిచి సీనియర్ దగ్గరికి వెళ్ళింది. మీరు పక్కన నిలబడండి అన్నయ్యా, మీరు ఎలా చేస్తారో అచ్చంగా అలాగే చేస్తాను, ఎక్కడ చెడగొడుతున్నానో చూసి చెప్పండి అని బతిమాలింది. అతను చేస్తున్న పని పక్కన పెట్టి వచ్చాడు. మంచివాడే. ల్యాబులో ఆమెను ఏమైనా తిన్నావా అని అడిగేది అతనొక్కడే.

పొడిని బంక ద్రావణంలో కలిపి, మసక పోయి నిగనిగలాడే నలుపు వచ్చేదాకా నూరింది. గాజుపలక మీద రాగి రేకు పరిచి, కింద గాలిబుడగ లేకుండా స్పిరిటు తడితో అతికించి, నల్లటి ముద్దను ఒక చివర పోసి బ్లేడును మెల్లిగా ఇవతలికి లాగింది. మధ్యలో చెయ్యి ఆగకూడదు, ఆగిన చోట గీత పడుతుంది. గీత పడలేదు. "ఇందులో వంక పెట్టడానికేముంది?" అన్నాడు సీనియర్. ఓవెన్‌లో ఆరాక, నాణెమంత బిళ్ళలుగా కత్తిరించి తూకం దగ్గరికి తెచ్చింది.

అసలు సంగతంతా ఆ తూకం దగ్గరే ఉంది. బిళ్ళ బరువులో ఎక్కువ భాగం రాగిదే. దాని మీది నల్లపూత ఒక చిటికెలో చిటికె కూడా ఉండదు. కాబట్టి ముందు పూతలేని ఖాళీ రేకును తూకంలో పెట్టి సున్నా నొక్కాలి, తర్వాత దాన్ని తీసి పూసిన బిళ్ళను పెట్టాలి. అప్పుడు తెర మీద కనిపించేది పూత బరువు మాత్రమే. దుకాణాల్లో ఖాళీ డబ్బా బరువు తీసేసి నూనె బరువు కట్టినట్టే. సీనియర్ తన ఖాళీ రేకును మూత ఉన్న చిన్న గాజుపళ్ళెంలో తూకం పక్కనే దాచుకుంటాడు. ఎప్పుడో తొలి రోజుల్లో కత్తిరించుకున్నది. ఈమె చేరిన కొత్తలో పట్టకారుతో దాన్ని వంచబోయిందని, ఇక నా రేకు జోలికి రావద్దని చెప్పేశాడు. అప్పటినుంచీ ఆమె ప్రతిసారీ రాగి రేకు చుట్ట చివర ఒక కొత్త ముక్క కత్తిరించుకుని దాంతోనే సున్నా పెట్టుకుంటోంది. ఇవాళ మాత్రం అతనే పళ్ళెం ముందుకు జరిపాడు. "నాదే పెట్టుకో. దాని రాశి బాగుంది," అని నవ్వాడు.

పూత బరువు ఎప్పుడూ వచ్చేదానికన్నా బాగా తక్కువ చూపించింది. పల్చగా పూసుంటావు, పల్చగా ఉంటేనే మంచిదన్నాడతను. ఆమెకూ అలాగే అనిపించింది. తర్వాత గాలి చొరబడని గాజుపెట్టెలో, మోచేతుల దాకా ఉన్న నల్లటి రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, వెన్నముద్దలా తెగే సోడియాన్ని కోసి పై తుప్పు చెక్కేసింది. బిళ్ళ, దాని మీద తడిపిన పల్చటి గాజునార, దాని మీద సోడియం, పైన మూత. ప్రెస్సు పిడి దించి మూత బిగించింది. అలా కట్టిన మూడు బిళ్ళ బ్యాటరీలను, అంటే సెల్స్‌ని, ఛార్జింగు కొలిచే టెస్టరుకి తగిలించి ఇంటికి వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నానికి అంకె వచ్చింది. ఆమె కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పావలా కాదు, నిండు రూపాయి. సీనియర్ అంకెకు వెంట్రుకవాసి అటూ ఇటూగా నిలబడింది. మూడు సెల్స్‌లోనూ అంతే. ఆమెకు కాళ్ళు భూమ్మీద ఆనలేదు. సీనియర్ అందర్నీ పిలిచి చూపించి, చెయ్యి తిరిగింది చూశారా అన్నాడు. వెనక కుర్చీ మనిషి కూడా వచ్చి, ఇక కొత్త పేరు వెతకాలన్నాడు. ప్రొఫెసర్‌గారు భుజం తట్టి, పట్టుదల ఉండాలని నేను చెప్పలేదూ అన్నారు. ఆయన చెప్పింది సరిగ్గా తలకిందులుగా అని ఆ సంతోషంలో ఆమెకూ గుర్తు రాలేదు. శుక్రవారం కమిటీ ముందు ఈ గీతే పెడదామని, సీటుకి ఢోకా లేదని ఆయన చెప్పి వెళ్ళారు.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో మొత్తం చెప్పేసింది, సీటు పోబోయిన సంగతితో సహా. అక్క ముందు తిట్టింది, ఇంత జరిగినా నాతో అనలేదేమని. తర్వాత చెల్లెలి తల ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. నడవలోంచి మిషను చప్పుడు ఆగింది. బావ గుమ్మంలోకి వచ్చి, "అయితే ఇంకో రెండేళ్ళు నేను నడవలోనే అన్నమాట," అన్నాడు. ఆయన వేసే పరిహాసాలు ఏడాదికి ఒకటో రెండో. ముగ్గురూ నవ్వారు. ఆ రాత్రి ఆమె పడుకోగానే నిద్రపోయింది.

గురువారం ఆమె ఊరుకుని ఉంటే కథ వేరే ఉండేది. కాకతాళీయంగా వచ్చిందంటారేమో, మరికొన్ని సెల్స్ కట్టి చూపిద్దామని అదే షీటులోంచి మళ్ళీ బిళ్ళలు కత్తిరించింది. తూకం దగ్గర కూర్చున్నాక, ఏడాది అలవాటు కొద్దీ చేతులు వాటంతట అవే చుట్ట చివర ఖాళీ ముక్క కత్తిరించి, సున్నా నొక్కేశాయి. పూసిన బిళ్ళ పెట్టింది. బరువు మొన్నటికి దాదాపు నాలుగింతలు చూపించింది. ఒకే షీటు, పక్కపక్క బిళ్ళలు. తూకం పాడైందనుకుంది. తలుపులు మూసి, గాలి ఆడకుండా చూసి, మళ్ళీ తూచింది. మళ్ళీ అంతే.

అప్పుడు గాజుపళ్ళెం మూత తీసి, సీనియర్ రేకును పెట్టి సున్నా నొక్కింది. దాన్ని తీసి తన ఖాళీ రేకును పెట్టింది. ఖాళీకి ఖాళీ, సున్నా రావాలి. తెర మీద మైనస్ గుర్తు వచ్చింది. ఏమీ లేనిదానికన్నా తక్కువ.

రెండు రేకుల్నీ చెరో పట్టకారుతో పట్టుకుని కిటికీ వెలుగులో చూసింది. కంటికి తేడా లేదు. చివర మీటితే మాత్రం అతనిది బిగువుగా నిలిచింది, తనది కొంచెం అల్లాడింది. అల్మారా దగ్గరికి వెళ్ళి రాగి చుట్ట డబ్బా తిప్పి చూసింది. పాత చుట్ట ఎప్పుడో అయిపోయింది, దాని అట్టగొట్టంలో ఎవరో పోస్టర్లు చుట్టి పెట్టారు. రెండింటి లేబుళ్ళూ పోల్చితే, తర్వాత తెప్పించిన చుట్ట రవ్వంత పల్చటిది. రేకు మారింది గానీ పళ్ళెంలోని ఖాళీ రేకు మారలేదు. మందపాటి రేకు బరువును పల్చటి బిళ్ళలోంచి తీసేస్తున్నారు. దాంతో పూత బరువు నాలుగో వంతుకు పడిపోతోంది, గ్రాముకి కట్టిన అంకె నాలుగింతలవుతోంది. అచ్చయిన అంకె, రేపు కమిటీ ముందు పెట్టబోయే అంకె, నిన్న ఆమె ఇంట్లో ముగ్గుర్నీ నవ్వించిన అంకె, అన్నీ ఇదే. ఏడాదిగా పావలా అనిపించుకున్న అంకెలే అసలైనవి.

ఆమె స్టూలు మీద అలాగే కూర్చుండిపోయింది. పళ్ళెం మూత పెట్టేస్తే సరిపోతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి భూమ్మీద ఇంకొకరు లేరు. ఒక్క రోజు నోరు కుట్టుకుంటే సీటు ఉంటుంది, గది ఉంటుంది, అక్క వీధిలో తలెత్తుకుంటుంది. ఆమె మూత పెట్టింది కూడా. పెట్టి, సింకు దగ్గర చేతులు కడుక్కుంది. ఆ తర్వాత ఆమె చేసిన పనికి నిజాయితీ అని పేరు పెడితే అది పూర్తి నిజం కాదు. ఏడాదిగా పడ్డ మాటకి జవాబు చేతిలోకి వచ్చింది. దాన్ని గుటుక్కున మింగి బతికినన్నాళ్ళూ అరిగించుకోవడం ఆమె వల్ల కాలేదు.

సీనియర్‌ను పిలిచి చూపించింది. అతను ఆమె చేతిలోంచి పట్టకారు తీసుకుని స్వయంగా పెట్టి చూశాడు. మైనస్. తిరగేసి పెట్టాడు. మైనస్. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. థీసిస్ అంతా ఆ రేకు మీదే నిలబడి ఉంది. ఆమెకు గెలిచానన్న సంబరం ఆ క్షణంలోనే ఆవిరైపోయింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను తాగలేదు.

"సార్‌కి నేను చెప్తాను," అన్నాడు గ్లాసు పక్కన పెట్టి. "నువ్వు చెబితే, అక్కసుతో అన్నట్టుంటుంది. తప్పు నాది, చెప్పాల్సిందీ నేనే. నాకు ఈ ఒక్క పూట టైమివ్వు."

ఆ మాట సబబుగానే ఉందనిపించింది. అతని మీద జాలి కూడా వేసింది. సరేనంది.

శుక్రవారం కమిటీ గదిలో పొడుగాటి బల్లకి ఆ చివర పెద్దావిడ కూర్చుంది. ఈ రంగంలో ఆవిడ మాటకి తిరుగులేదు. ముందు సీనియర్ వంతు. అతను ల్యాప్‌టాప్ మూసేసి లేచి నిలబడ్డాడు. అలా మూసేయడం చూసి, చెప్పబోతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. చెప్పాడు. రేకు మారిన సంగతి, సున్నా సంగతి, మైనస్ సంగతి, ఏదీ దాచలేదు. గొంతు వణికింది, అది నటన కాదు. నా అంకె తప్పు, అచ్చయినదాన్ని వెనక్కి తీసుకోవాలి అన్నాడు. ప్రొఫెసర్‌గారి ముఖం మాడిపోలేదు. ఆయనకు ఈ సంగతి నిన్న సాయంత్రమే తెలుసని అప్పుడు ఆమెకు అర్థమైంది.

ఇంతకీ నీకు అనుమానం ఎలా వచ్చిందని పెద్దావిడ అడిగింది.

"మా జూనియర్‌కి ఏడాదిగా రాని అంకె, నా రేకు పెట్టగానే వచ్చేసిందండి," అన్నాడు సీనియర్. "తన చెయ్యి నాకు తెలుసు. తనకే వచ్చిందంటే ఎక్కడో తప్పుండాలనిపించింది."

బల్ల చుట్టూ చిన్న నవ్వు పాకింది. పెద్దావిడ కూడా నవ్వింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. ఆ మైనస్ ముందు చూసింది తానేనని, గురువారం తానే పిలిచి అన్నయ్యకి చూపించానని చెప్పింది. నోటికి వచ్చిన మాటలు సరిగ్గానే ఉన్నాయి గానీ, గొంతు సన్నబడి చిన్నపిల్ల పితూరీ చెబుతున్నట్టు వినిపించింది. "అవునండి, తను కూడా పక్కనే ఉంది," అన్నాడు సీనియర్, ఉదారంగా.

ప్రొఫెసర్‌గారి గొంతు మెత్తబడింది. "ఎవరు చూశారన్నది కాదమ్మా ముఖ్యం. సైన్సులో నేను, నువ్వు ఉండవు. నిజం ఒకటే ఉంటుంది."

బుధవారం ఈ అంకె వచ్చిందని చెప్పింది నువ్వే కదా అని పెద్దావిడ ఆమెను అడిగింది. అవునంది. గురువారమే తప్పని తెలిస్తే మీ సార్ దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడిగింది. ఆమె సీనియర్ వైపు చూసింది. అతను ఎదుటి కాగితాల అంచులు సరిచేసుకుంటున్నాడు. పెద్దావిడ తర్వాతి కాగితం తిప్పింది.

నేను, నువ్వు లేని ఆ సైన్సులో, మరుక్షణమే సీనియర్‌ని పేరు పెట్టి మెచ్చుకున్నారు. సొంత అంకెను సొంత చేత్తో పగలగొట్టుకున్నవాణ్ణి ఇన్నాళ్ళకు చూశానంది పెద్దావిడ. థీసిస్ సరిచేసుకోవడానికి ఎంత గడువు కావాలంటే అంత ఇస్తామని, అది అయ్యాక తన సంస్థకి వచ్చి చేరమని అందరి ముందే పిలిచింది. ఆమె వంతు టీ చల్లారే లోపే అయిపోయింది. ఏడాదిపాటు అదే తూకం పక్కన కూర్చుని తూకంలో తప్పును గమనించలేదు కాబట్టి సీటు పొడిగించడం లేదన్నారు. తన తూకంలో తప్పు లేదని ఆమె అనబోయింది. అప్పటికే కుర్చీలు వెనక్కి జరుగుతున్నాయి.

బయట ప్రొఫెసర్‌గారు ఆమెను ఆపి ఇంకో పని అప్పజెప్పారు. అచ్చయినదాన్ని సరిదిద్దుతూ అసలు అంకెలు పంపాలి. మళ్ళీ ప్రయోగాలు చేసే తీరిక లేదు, నీ అంకెలు ఎలాగూ సరిగ్గా ఉన్నాయి కదమ్మా, అవి అతనికి ఇచ్చేసి వెళ్ళు అన్నారు. మాట ఎంత చల్లగా ఉందంటే, ఆ సరిగ్గా ఉన్నాయి అన్న మాట దాన్లోంచి ఏరుకోవడానికి ఆమెకు క్షణం పట్టింది. ఆ మాట ఆయన నోట వినడానికి ఏడాది పట్టింది, అదీ వరండాలో, ఆమె అంకెలు పుచ్చుకునే తొందరలో.

సాయంత్రం సీనియర్ పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. టెస్టరు మీద ఆమె సెల్స్ ఇంకా నడుస్తూనే ఉన్నాయి, ఆకుపచ్చ దీపాలు వెలుగుతున్నాయి. వాటికి సీటు పోయిన సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె కంప్యూటరులో ఏడాది పని అంతటినీ ఒకచోటికి చేర్చి కాపీ పెట్టింది. ప్రతి సెల్‌కీ దాని ఖాళీ రేకు బరువు, పూత బరువు, ఏదీ వదలకుండా ఉంది. ఇవ్వనని అనొచ్చు. అంటే మాత్రం ఎవరికి నష్టం? తప్పుడు అంకె అచ్చులో అలాగే ఉండిపోతుంది, దాన్ని నమ్మి ఎక్కడో ఇంకో పిల్ల ఇంకో ఏడాది పావలా అనిపించుకుంటుంది.

అతను కూర్చోలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు. కృతజ్ఞతల్లో నీ పేరు తప్పకుండా వేస్తానన్నాడు. ఆమె తెర మీద కాపీ గీత కదలడం చూస్తూ ఉంది.

"నా మీద కోపం పెట్టుకోకు," అన్నాడు. "నిన్ననే నువ్వు వెళ్ళి చెప్పేసి ఉండాల్సింది. అక్కడ నేను ఏం చెయ్యగలను?"

ఆమె తెర మీంచి కళ్ళు తిప్పి మొదటిసారి అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"చెప్పాను కదన్నయ్యా," అంది. "మీకే చెప్పాను."

అతను చూపు టెస్టరు వైపు తిప్పాడు. టెస్టరులో ఏదో సెల్ ఛార్జింగు ముగించి టిక్కుమంది. అతను కాపీ అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందని చెప్పి ఆమె పెన్‌డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టింది.